దేనితో పోల్చి?

పల్లెలో పొద్దున్నే పిల్లను ఆటో ఎక్కించి పక్క ఊళ్ళోని ఇంగ్లీషు మీడియం బడికి పంపే తల్లిని కారణం అడగండి. "గవర్నమెంటు బళ్ళో చదువేం వస్తదండీ" అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. రెండు బళ్ళ పిల్లలకూ ఒకే పరీక్ష పెడితే సాధారణంగా ప్రైవేటు బడి పిల్లలకే ఎక్కువ మార్కులు వస్తాయి. రెండు సగటులూ పక్కపక్కన రాసి చూపిస్తే ఇంకేం మాట్లాడతాం అనిపిస్తుంది.

మాట్లాడాల్సింది చాలా ఉంది. నెలనెలా ఫీజు కట్టగలిగిన ఇల్లు, కట్టలేని ఇల్లు ఒకటి కావు. మొదటి ఇంట్లో తల్లి నాలుగు క్లాసులు ఎక్కువ చదువుకుని ఉండొచ్చు. సాయంత్రం ట్యూషన్ ఉండొచ్చు. సెలవు రోజున పిల్లకు పత్తి చేలో పని ఉండకపోవచ్చు. ఆ పిల్ల ఏ బళ్ళో చదివినా అవే మార్కులు తెచ్చుకునేదేమో. అప్పుడు మనం చూస్తున్న తేడా బడిదా, ఇంటిదా? సగటుల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. పదిమంది బదులు లక్షమంది మార్కులు కుప్పపోసినా రాదు. కుప్ప పెద్దదైతే తప్పు జవాబును మరింత ధీమాగా చెబుతాం, అంతే.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. "పరిశోధనలో తేలింది" అనే మాట వినబడగానే మన కన్ను శాతాల మీదికి పోతుంది. అక్కడికి పోకముందే రెండు ప్రశ్నలు అడగాలి. దేనితో పోల్చి చెబుతున్నారు? ఆ పోలికలో ఎవరు ఏ వైపు ఉండాలో ఎవరు నిర్ణయించారు? ఈ రెండింటికీ సరైన జవాబు ఉంటేనే ఆ తర్వాతి లెక్కకు విలువ. చాలామంది గణాంకశాస్త్రం అంటే సూత్రాలనుకుని దూరంగా ఉంటారు. సూత్రాలు కంప్యూటరు చేసిపెడుతుంది. పోలికను ఏర్పాటు చేయడం మాత్రం మనిషే చేయాలి, మోసపోయేదీ అక్కడే.

బడి సంగతికి తిరిగి వద్దాం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దీన్నే పరీక్షకు పెట్టారు. పిల్లను ప్రైవేటు బళ్ళో చేర్చుకునేందుకు ఫీజు భరించే ఓచరు ఇస్తామన్నారు. కావాలన్న తల్లిదండ్రుల దగ్గర దరఖాస్తులు తీసుకున్నారు. తర్వాత లాటరీ వేశారు, అదీ రెండు అంచెల్లో. 180 పల్లెల్లో ఏ 90 పల్లెలకు ఓచర్లు రావాలో ఒక లాటరీ, ఆ పల్లెల్లో దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఎవరికి రావాలో ఇంకో లాటరీ.

ఈ లాటరీలో ఉన్న బలం గమనించండి. గెలిచిన పిల్లల తల్లిదండ్రులూ, ఓడిన పిల్లల తల్లిదండ్రులూ ఇద్దరూ దరఖాస్తు పెట్టినవాళ్ళే. చదువు మీద ఆశ ఇద్దరికీ ఉంది. తల్లి చదువు, ఇంటి ఆదాయం, పిల్ల తెలివి, మనం కొలవగలిగినవీ కొలవలేనివీ అన్నీ రెండు గుంపుల్లోకీ ఇంచుమించు సమంగా పంచబడ్డాయి. ఇక రెండేళ్ళకో నాలుగేళ్ళకో మార్కుల్లో తేడా వస్తే అది ఓచరు వల్ల వచ్చింది కావాలి, లేదా లాటరీలో జరిగిన చిన్న హెచ్చుతగ్గుల వల్ల కావాలి. మూడో దారి లేదు. ఆ రెండో కారణం ఎంత పెద్దదో లెక్కగట్టడానికే గణాంకశాస్త్రం ఉన్నది.

ఫలితం ఏమొచ్చింది? నాలుగేళ్ళ తర్వాత కూడా తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ పరీక్షల్లో గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్ళు బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ పల్లెల ప్రభుత్వ బళ్ళలో ఆ తరగతుల్లో హిందీ చెప్పరు. అంటే బయటికి కనబడే పెద్ద తేడాలో ఎక్కువ భాగం ఇంటిదే.

ఇక్కడితో ఆపితే ప్రభుత్వ బడి అభిమానులకు పండగే. కానీ ఆ ఆర్థికవేత్తలు రాసిన వ్యాసంలో ఇంకో సగం ఉంది. ప్రైవేటు బళ్ళు తెలుగుకు 40 శాతం, లెక్కలకు 32 శాతం తక్కువ సమయం ఇచ్చి కూడా ఆ మార్కులే తెప్పించాయి, మిగిలిన సమయంలో హిందీ వగైరా చెప్పాయి. పైగా పిల్లకు వాటి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. కాబట్టి "ప్రైవేటు బడి దండగ" అని ఈ ప్రయోగాన్ని చూపించి ఎవరన్నా అంటే నమ్మకండి. "ప్రైవేటులో వేస్తేనే లెక్కలు వస్తాయి" అన్నా నమ్మకండి. ఏ ప్రశ్న అడిగారో ఆ ప్రశ్నకే జవాబు వచ్చింది.

ఇంకో చిన్న సంగతి, చదివేటప్పుడు చాలామంది దాటేస్తారు. ఓచరు గెలిచిన పిల్లల్లో కొందరు దాన్ని వాడుకోలేదు, కొందరు మధ్యలో వెనక్కి వచ్చేశారు. పోలిక చేసేటప్పుడు వాళ్ళను గెలిచినవాళ్ళ లెక్కలోనే ఉంచాలి. ప్రైవేటు బళ్ళో నిలబడ్డవాళ్ళను మాత్రమే ఏరుకుంటే, నిలబడగలిగిన ఇళ్ళను మళ్ళీ ఏరుకున్నట్టే. లాటరీ వేసి సంపాదించుకున్న సమానత్వం మన చేత్తోనే పోగొట్టుకుంటాం. మందుల ప్రయోగాల్లోనూ ఇంతే. మధ్యలో మందు మానేసినవాళ్ళను పక్కన పెట్టి "క్రమం తప్పకుండా వాడినవారిలో 90 శాతం మందికి నయమైంది" అని రాస్తే, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో అడగండి. నయం కాకే మానేసి ఉండొచ్చు.

చీటీ ఎవరి చేతిలో ఉంది?

వైద్యంలో లాటరీ అనగానే మనకు కోపం వస్తుంది. రోగికి మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి గాని చీటీ చెబుతుందా? 1940లలో బ్రిటన్‌లోనూ ఇదే కోపం ఉండేది. అప్పుడే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. క్షయకు అంతవరకూ మంచం మీద విశ్రాంతి తప్ప గట్టి మందు లేదు. కొత్త మందు నిల్వ చాలా తక్కువ, రోగులందరికీ సరిపోదు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త, ఎలాగూ అందరికీ ఇవ్వలేం కాబట్టి ఎవరికి ఇవ్వాలో యాదృచ్ఛిక సంఖ్యలతో తేలుద్దామన్నాడు. చీటీలు సీలు వేసిన కవర్లలో పెట్టారు. రోగి ప్రయోగంలో చేరినట్టు ఖాయమయ్యాకే కవరు తెరవాలి.

కవరుకు సీలు ఎందుకంటారా? డాక్టరు చెడ్డవాడని కాదు, దయ గలవాడని. తర్వాతి కవరులో మందు ఉందని తెలిస్తే బతికే అవకాశమున్న కుర్రవాడికి ఆ వంతు వచ్చేలా చూస్తాడు. మనసు మంచిదే, పోలిక మాత్రం పాడైపోతుంది. ఎక్స్‌రేలు చదివి బాగైందా లేదా చెప్పేవాళ్ళకు కూడా ఏ రోగికి మందు ఇచ్చారో చెప్పలేదు.

1948లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది చనిపోయారు. మొత్తం 107 మంది. మన ఫోన్లకు వచ్చే "లక్షల మంది మీద సర్వే"ల ముందు ఇది పిల్లకాకి. అయినా ఆ సర్వేలకన్నా దీన్నే నేను నమ్ముతాను. రోగులు తక్కువైనా పంపకం సరిగ్గా జరిగింది.

ఓ పదేళ్ళకు ఇదే పద్ధతి మద్రాసులో ప్రపంచపు అలవాటునే మార్చింది. క్షయ రోగిని ఇంటికి దూరంగా శానటోరియంలో ఉంచాలి, మంచి తిండి, గాలి, విశ్రాంతి ఇవ్వాలి అన్నది అప్పటి మాట. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలా పుట్టిన చోటే. మరి లక్షల మంది రోగులకు మంచాలెక్కడివి? 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంవారు పేద, ఇరుకిళ్ళ రోగులను తీసుకుని, ఎవరు శానటోరియంకు వెళ్ళాలో, ఎవరు ఇంట్లోనే మాత్రలు వేసుకోవాలో యాదృచ్ఛికంగా పంచారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు తిండి అంతంతమాత్రం, పనికి కూడా వెళ్ళేవాళ్ళు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఇది అచ్చయ్యాక ఇంటి దగ్గరి చికిత్స మామూలైపోయింది. అందరికీ కళ్ళెదుటే కనబడిన "నిజం" ఒకటి పక్కకు తప్పుకుంది.

రోటి పచ్చడా, మిక్సీ పచ్చడా?

లెక్క భాగం అర్థం కావాలంటే మీ ఇంట్లోనే ఒక ప్రయోగం చేయండి. రోట్లో నూరిన గోంగూర పచ్చడికీ మిక్సీలో వేసినదానికీ తేడా నాలుక మీద పెట్టగానే చెబుతానని మీ అమ్మమ్మ అంటుంది. చెప్పగలదా?

ఒక్క గిన్నె పెట్టి అడిగితే లాభం లేదు, ఊరికే చెప్పినా సగం సార్లు సరిపోతుంది. ఎనిమిది చిన్న గిన్నెలు తీసుకోండి. నాలుగింట్లో రోటి పచ్చడి, నాలుగింట్లో మిక్సీ పచ్చడి. నాలుగు నాలుగని ఆమెకు ముందే చెప్పండి. ఎనిమిది చీటీలు కలిపి తీసి ఆ వరుసలో గిన్నెలు సర్దండి, మీ ఇష్టం వచ్చినట్టు కాదు. "మార్చి మార్చి పెడతాను" అనుకునే మనిషి చెయ్యి ఒకదాని తర్వాత ఒకటి పెడుతుంది, అమ్మమ్మ రెండు గిన్నెల్లో కనిపెట్టేస్తుంది.

ఇక్కడ అసలు పని ముందుంది. ఒకే కట్ట గోంగూర, ఒకే మిరపకాయలు, తూచిన ఉప్పు, ఒకే పోపు, నూరేముందు వరకు ఒకే బాణలి. రోట్లో నూరింది మీ అత్త, మిక్సీ వేసింది మీరు అయితే అమ్మమ్మ కనిపెట్టింది రోలునా, అత్త చేతి ఉప్పునా? మిక్సీ తిరిగి పచ్చడి వేడెక్కుతుంది, కాబట్టి రెండూ చల్లారాకే పెట్టాలి. చూడగానే బరక తెలిసిపోతుంది, కళ్ళకు గంతలు కట్టాలి. గిన్నె అందించేవాళ్ళకు కూడా ఏది ఏదో తెలియకూడదు. వంటింట్లో సర్దినవాళ్ళు అంకెలు వేసి బయటికి పంపాలి, అందించేది వేరేవాళ్ళు. పెద్దావిడ తప్పు గిన్నెకు "రోలు" అనబోతుంటే మనవరాలి ఊపిరి మారుతుంది, ఆవిడకు అదే చాలు.

ఇప్పుడు లెక్క. ఎనిమిది గిన్నెల్లోంచి నాలుగింటిని ఎంచే దారులు 70. ఏమీ తెలియకుండా ఊరికే ఎంచితే నాలుగూ సరిగ్గా రావడానికి ఉన్న అవకాశం 70లో 1, అంటే 1.4 శాతం. నాలుగూ సరిగ్గా చెప్పిందంటే, "ఊరికే చెప్పింది" అన్న మాట నిలబడడం కష్టం. మూడు సరిగ్గా, ఒకటి తప్పు వచ్చిందనుకోండి. ఊరికే ఎంచేవాళ్ళకు మూడైనా ఆపైనైనా రావడానికి 70లో 17 దారులున్నాయి, 24 శాతం. నాలుగోవంతు సార్లు ఊరికే జరిగేదాన్ని పట్టుకుని పండగ చేసుకోలేం. మీరు వ్యాసాల్లో చూసే పి-విలువ ఇదే: తేడా ఏమీ లేకపోయినా, కేవలం అదృష్టం వల్ల ఇంత ఫలితం లేదా ఇంతకన్నా ఘనమైన ఫలితం రావడానికి ఎంత వీలుంది అన్నది.

ఈ ఎనిమిది గిన్నెల లెక్క నాది కాదు. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారా టీ పోశారా అన్నది రుచి చూసి చెబుతానంది. పక్కనున్న రొనాల్డ్ ఫిషర్ ఎనిమిది కప్పులతో పరీక్ష అల్లాడు, 1935లో వచ్చిన తన ప్రయోగ రూపకల్పన పుస్తకంలో దాన్నే మొదటి ఉదాహరణగా పెట్టాడు. ఆమె గెలిచిందని తర్వాతివాళ్ళు రాశారు. ఫిషర్ మాత్రం ఫలితం చెప్పనేలేదు. ప్రయోగం ఎలా పెట్టాలన్నదే ఆయనకు ముఖ్యం.

మీ అమ్మమ్మ ఒక గిన్నె తప్పితే ఆమెకు తేడా తెలియదని తేలిందా? తేలలేదు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పగల నాలుక కూడా ఎనిమిది గిన్నెల పరీక్షలో ఒకటి తప్పొచ్చు. పరీక్ష మరీ చిన్నది. పన్నెండు గిన్నెలు పెట్టండి, ఆరు ఆరు. ఎంచే దారులు 924 అవుతాయి. ఆరింట్లో ఐదు లేదా ఆరు సరిగ్గా రావడానికి దారులు 37, అంటే 4 శాతం. ఇప్పుడు ఒక తప్పును మన్నించే వీలు వచ్చింది. నమూనా పెంచడం వల్ల లాభం ఇదే. "తేడా కనబడలేదు" అని రాసిన వ్యాసం చూసినప్పుడు, కనబడేంత పెద్ద పరీక్ష పెట్టారా అని చూడాలి. పత్రికల శీర్షికల్లో ఈ మాట "తేడా లేదు"గా మారిపోతుంది, అది వేరే మాట.

ఇరవైలో ఒకటి

పి-విలువ 0.05 కన్నా తక్కువైతే ఫలితం "ప్రాముఖ్యం గలది" అనడం ఆచారమైంది. ఇరవైలో ఒకటి అన్న ఈ గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఫిషర్ సౌకర్యంగా ఉంటుందని వాడినది. పీహెచ్‌డీ విద్యార్థులు 0.049 వస్తే కొబ్బరికాయ కొట్టడం, 0.051 వస్తే డీలాపడడం చూస్తే నాకు జాలేస్తుంది. రెండు అంకెల మధ్య శాస్త్రంలో ఏ గోడా లేదు.

చదువుకున్నవాళ్ళు కూడా పొరబడేది ఇంకొకటుంది. పి-విలువ 0.05 అంటే ఆ ఫలితం అబద్ధం కావడానికి 5 శాతమే వీలుందని కాదు. కాగితం మీద వేసి చూడండి. పరిశోధకులు వెయ్యి ఊహలను పరీక్షించారనుకుందాం, వాటిలో వందే నిజం. వాళ్ళ ప్రయోగాలు బాగానే ఉండి, నిజమైన వందలో 80ని పట్టుకున్నాయి. మిగిలిన 900 అబద్ధాల్లో 5 శాతం, అంటే 45 అదృష్టం కొద్దీ గీత దాటాయి. గీత దాటినవి మొత్తం 125, వాటిలో అబద్ధాలు 45. మూడోవంతు పైనే! మొదటే నమ్మశక్యం కాని ఊహ అయితే ఒక్క గీత దాటినంత మాత్రాన నమ్మక్కర్లేదు.

ఒకే ప్రయోగంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై రకాల కొలతలు తీస్తే, అసలు ఏ తేడా లేకపోయినా వాటిలో కనీసం ఒకటైనా గీత దాటే అవకాశం 64 శాతం. ఆ ఒకటే పట్టుకుని వ్యాసం రాస్తే? దీన్ని ఎత్తిచూపిన చక్కని ఉదాహరణ 1988 నాటిది. గుండెపోటు అనుమానమున్న 17,187 మంది మీద ఐసిస్-2 అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఆస్పిరిన్ వల్ల గుండె, రక్తనాళాల మరణాలు స్పష్టంగా తగ్గాయి. వయసువారీగా, రకంవారీగా విడగొట్టి చెప్పమన్న ఒత్తిడి వస్తే, అలాంటి చీలికలు ఎంత మోసం చేస్తాయో చూపడానికి పరిశోధకులు రోగులను పుట్టిన రాశులవారీగా కూడా విడగొట్టారు. మిథున, తులా రాశుల్లో పుట్టినవారికి ఆస్పిరిన్ పనిచేయకపోగా కాస్త చెడు చేసినట్టు వచ్చింది! రాశిఫలాలు చదివే మన ఇళ్ళలో ఈ ముక్క ఒక్కటే చెబితే ఎంతమంది మందు మానేస్తారో.

అదే ప్రయోగంలో ఇంకో పాఠం కూడా ఉంది. ఐదు వారాల్లో ఆస్పిరిన్ ఆ మరణాలను "దాదాపు 20 శాతం తగ్గించింది". ఆస్పిరిన్ లేనివాళ్ళలో 11.8 శాతం, ఉన్నవాళ్ళలో 9.4 శాతం చనిపోయారు, అంటే వందకు 2.4 మంది తేడా. రెండు మాటలూ నిజమే, వినడానికే వేరుగా ఉంటాయి. మాత్ర ఖరీదు పైసల్లో ఉండి, ప్రాణం దక్కుతోంది కాబట్టి వందకు 2.4 చాలా గొప్ప లాభం. పదివేలు పెట్టే మందుకు, పదివేలలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి వస్తే "50 శాతం తగ్గింపు" అని ప్రకటన వేయొచ్చు. శాతం వినబడితే దేంట్లో శాతమో అడిగి, వందకో వెయ్యికో ఎంతమందో చెప్పించుకోండి. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే కాలేజీలను కూడా ఇదే అడగాలి: మొత్తం ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమందికి?

మడి మీద పరీక్ష

రైతు చదువరులకు ఈ విషయం మాకన్నా ముందే తెలుసు. కొత్త రకం విత్తనం వస్తే ఎక్కడ వేస్తాం? కాలువ పక్క మంచి మడిలో. పాత సాంబ మసూరి చివరి మడిలో. కోతకు కొత్తదే గెలుస్తుంది. గెలిచింది విత్తనమా, నీళ్ళా? కంపెనీల డెమో ప్లాట్లు రోడ్డు పక్కన ఎందుకు కళకళలాడుతుంటాయో నేను చెప్పక్కర్లేదు.

సరిగ్గా చేయాలంటే పొలాన్ని కాలువ నుంచి చివరిదాకా ఆరు పట్టీలుగా అనుకోండి. ఒక్కో పట్టీలో నీరు, నేల ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ప్రతి పట్టీని రెండు మడులు చేసి, ఏ మడిలో కొత్తది వేయాలో రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చండి. ఎరువు, నాటు రోజు, కలుపు అన్నీ రెండింటికీ ఒకటే. కోతప్పుడు పట్టీకి పట్టీ పోల్చండి. ఆరింట ఆరూ కొత్తదే గెలిస్తే, ఊరికే అలా జరిగే అవకాశం 64లో 1, అంటే 1.6 శాతం. ఐదు గెలిచి ఒకటి ఓడితే ఐదు లేదా ఆరు గెలుపులు ఊరికే రావడానికి 64లో 7, దాదాపు 11 శాతం. ఇంకో పంట చూడాలి. ఎంత తేడాతో గెలిచిందన్నది వదిలేసిన మోటు లెక్క ఇది, కానీ కాగితం కూడా అక్కర్లేదు. ఫిషర్ రోథమ్‌స్టెడ్ పొలాల్లో నేల సారం తేడాలను ఎదుర్కోవడానికి ఇలాంటి పట్టీల పద్ధతినే శాస్త్రంగా మలిచాడు.

ఒక మోసం గురించి జాగ్రత్త. ఒక మడిలో కొత్తది, ఒక మడిలో పాతది వేసి, ఒక్కోదాంట్లో యాభై దుబ్బులు పీకి తూచి "నమూనా 50" అని రాస్తారు. అది 50 కాదు, ఒకటి. యాభై దుబ్బులూ ఆ మడి అదృష్టాన్నే పంచుకున్నాయి. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది రోజూ జరుగుతుంది: ఒక బడిలో ఒక సెక్షనుకు కొత్త పద్ధతిలో పాఠం చెప్పి, ఇంకో సెక్షనుతో పోల్చి, 80 మంది విద్యార్థులని రాస్తారు. అక్కడ పోల్చింది ఇద్దరు టీచర్లనే.

ప్రభుత్వాలు దిగుబడి తేల్చడానికి చేసే పంట కోత ప్రయోగాలు మీ ఊళ్ళో చూసే ఉంటారు. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గీసి, కోసి, నూర్చి తూస్తారు. ఏ చేను, చేనులో ఏ మూల అన్నది యాదృచ్ఛిక సంఖ్యలు చెబుతాయి. పంటల బీమా డబ్బు ఈ తూకం మీద ఆధారపడుతుంది కాబట్టి ఎండిన చేను చూపించాలని ఒకరికి, పండిన చేను చూపించాలని మరొకరికి ఉంటుంది. ఎంచుకునే పని ఎవరి చేతిలోనూ పెట్టకపోవడమే ఇద్దరికీ న్యాయం.

పరీక్షించాల్సినవి ఎక్కువైనప్పుడు? మూడు విత్తనాలు, మూడు ఎరువు మోతాదులు, మూడు నాటు దూరాలు, మూడు నాటు తేదీలు అయితే కలయికలు 81. అంత పొలం ఎవరికుంది? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా భారతీయ గణాంక సంస్థలో చేరి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1940లలో దీనికి దారి చూపినవాళ్ళలో ముఖ్యులు. ఆయన ఆర్థోగోనల్ ఎరేలనే పట్టికల ప్రకారం జాగ్రత్తగా ఎంచుకున్న 9 కలయికలతోనే ఆ నాలుగు అంశాల విడివిడి ప్రభావాలు అంచనా వేయొచ్చు. ఒకదాని ప్రభావం ఇంకోదాన్ని పెద్దగా మార్చదనుకుంటేనే సుమా. కార్ల కర్మాగారాల దాకా వెళ్ళిన పద్ధతి ఇది. రావుగారు 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న ఏడాదే కన్నుమూశారు.

అన్నీ సరిగ్గా చేసినా రెండు ప్రయోగాలు రెండు మాటలు చెప్పొచ్చు. 1990లో అచ్చయిన, హైదరాబాదు చుట్టుపక్కల పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు విటమిన్-ఎ ఇచ్చిన ప్రయోగంలో మరణాలు తగ్గినట్టు కనబడలేదు. అదే ఏడాది అచ్చయిన తమిళనాడు ప్రయోగంలో వారంవారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. మోతాదు వేరు, ఊళ్ళు వేరు, పిల్లల పరిస్థితి వేరు. ఒక్క వ్యాసం పట్టుకుని పోట్లాడేవాళ్ళకు మిగతావి కూడా చూపించండి.

ఇక మీరే ప్రాజెక్టు చేయబోతుంటే. 1938లో కలకత్తాలో జరిగిన భారత గణాంక సదస్సులో ఫిషర్ ఒక మాటన్నాడు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్త దగ్గరికి వెళ్తే ఆయన చేయగలిగింది శవపరీక్షే, ప్రయోగం ఎందువల్ల చచ్చిందో చెప్పగలడు, అంతే అన్నది దాని సారం. మన విశ్వవిద్యాలయాల్లో ఇవాళ్టికీ డేటా పెన్‌డ్రైవులో వేసుకుని "సార్, ఏ టెస్టు పెట్టాలి" అంటూ ఆఖరి నెలలో తిరుగుతున్నారు. ఆ మాస్టారిని మొదటి నెలలోనే కలవండి. మీరు అడుగుతున్న ఒకే ఒక్క ముఖ్యమైన ప్రశ్న, దాన్ని ఏ కొలతతో తేలుస్తారు, ఎంతమంది కావాలి, ఎవరు ఏ గుంపులోకి ఎలా వెళ్తారు, మధ్యలో మానేసినవాళ్ళను ఏం చేస్తారు అన్నవి తేదీ వేసి రాసి, గైడు సంతకం తీసుకుని దాచండి. తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు, మార్చానని వ్యాసంలో చెప్పండి.

మందులు, టానిక్కులు కొనేవాళ్ళకు ఈ పని ఇంకా సులువు. భారత వైద్య పరిశోధన మండలి 2007లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. 2009 జూన్ 15 నుంచి దేశంలో మందుల ప్రయోగాలు మొదలయ్యేముందే అందులో నమోదు కావడం తప్పనిసరి అయింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. "మా మందు మీద ప్రయోగాలు జరిగాయి" అని ఎవరైనా అంటే నమోదు సంఖ్య అడగండి. అక్కడ ముందుగా రాసిన ముఖ్య ఫలితం, కరపత్రంలో ఇప్పుడు చెబుతున్న ఫలితం ఒకటేనా చూడండి. దేనితో పోల్చారో కూడా అక్కడే ఉంటుంది. రెండు ఫలితాలూ ఒకటి కాకపోతే, అసలు సంఖ్యే లేకపోతే, డబ్బు జేబులోంచి తీయకండి.